రెండో గిలాస

"ఆమె చెయ్యి నా బిడ్డ మీద పడద్దని చెప్పు."

పోశం ఆ మాట అన్నది భార్య సరోజనతో. ఆ 'ఆమె' మాత్రం నాలుగడుగుల దూరంలోనే, గడప మీద ఇంటికి వీపు పెట్టి కూర్చుని వాన చూస్తోంది.

సరోజన ఎవరికీ ఏమీ చెప్పలేదు. రెండేళ్లుగా ఆ కంపెనీ క్వార్టరులో తల్లీకొడుకుల మాటలు ఆమె మీదుగానే నడుస్తున్నాయి. కొడుకు భార్యతో అంటాడు, తల్లి వింటుంది. తల్లి కోడలితో అంటుంది, కొడుకు వింటాడు. అంతా కలిపి ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న అరుగు.

మంచం మీద కనకవ్వకు మళ్లీ చలి మొదలైంది. ఆరేళ్ల పిల్ల. రెండు గొంగళ్లు కప్పి, వాటి మీద పోశం బొగ్గుబాయికి తొడుక్కుపోయే ఖాకీ కోటు కప్పినా ఆగడం లేదు. మంచం కోళ్లు గచ్చు మీద టకటక కొట్టుకుంటున్నాయి. మొదటి రెండుసార్లు చలి వెనక చెమట పట్టి జ్వరం దిగింది. నిన్నటి నుంచి చెమట లేదు, దిగడం లేదు. పిల్ల కళ్లు తెరిచి కప్పు వైపు చూస్తూ ఏదేదో గొణుగుతోంది.

"కాంపౌండర్ ఏమన్నడు?" అంది సరోజన.

"ఏమంటడు? చలిజ్వరం కొయినా గోలీలు అయిపోయినయన్నడు. కొత్తయి మంచిర్యాల టేషన్ల దిగినయట. వాగు దిగుతె తెస్తరట."

"వాగెప్పుడు దిగాలె?"

"నన్నడిగితె? వాన నా చేతుల ఉన్నదా?"

గోడ మీద, డీడీటీ కొట్టేవాళ్లు నీలిరంగుతో రాసిపోయిన తేదీ తడికి కారి సగం చెరిగిపోయింది. ఆ ఏడు దోమల మందు రెండుసార్లు కొట్టారు. అయినా నస్పూర్ గుట్టల కింది కొత్త కాలనీలో ఇల్లు విడిచి ఇల్లు ఎవరో ఒకరు గొంగడి కప్పుకుని వణుకుతూనే ఉన్నారు.

గడప దగ్గరి నుంచి ఎల్లక్క గొంతు వినిపించింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

"సరోజనా, పిల్ల నాలిక ఎట్లున్నది?"

"తెల్లగ మందం కట్టింది అత్తా."

"కండ్లు?"

"పచ్చగైనయి."

ఎల్లక్క ఇంకేమీ అడగలేదు. ఆ మౌనం సరోజనకు అర్థమైంది. రోగం ప్రాణం మీదికి వస్తేనే ఆ ముసలామె అట్లా ఊరుకుంటుందని కాలనీలో అందరికీ ఎరుకే.

"వైద్యం షురూ అయింది మల్ల," అన్నాడు పోశం. "ఒకన్ని మింగింది సాల్లేదా?"

"బిడ్డ ముంగట గా మాటలేంది?" అంది సరోజన.

"ఏం, అబద్ధమా?"

ఎల్లక్క వీపు కదల్లేదు. "సరోజనా, ఆయనకు చెప్పు. నేను సోమిచెట్టు పట్ట ముట్ట. నా కొడుకును మట్టిల పెట్టిన్నాడే ముట్టనని ఒట్టు పెట్టుకున్న. ఆయనేం ఫికర్ పడద్దను."

ఆ ఇంట్లో అదొక్కటే తల్లీకొడుకులు కలిసి ఒప్పుకున్న మాట. పిల్ల పళ్లు మాత్రం వాళ్లిద్దరి మధ్యా కటకటలాడుతూనే ఉన్నాయి.

*

ఇస్తారి పోశానికి ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవై రెండేళ్లవాడు. బాయిపనిలో చేరి అప్పటికి ఏడాది నిండలేదు. రెండేళ్ల కింద ఇదే శ్రావణంలో అతనికి చలిజ్వరం పట్టుకుంది. ఎల్లక్క సోమిచెట్టు పట్ట గీకి తెచ్చి, ఆ బెరడుతో కషాయం కాచి ఒక గిలాస తాగించింది.

కాలనీలో సగంమంది ఆమె కషాయంతో లేచి తిరిగినవాళ్లే. అడవిలో సోమిచెట్టును గుర్తుపట్టడం, మానుకు ఒక పక్కే గీకి మిగతా చుట్టంతా చెట్టు బతకడానికి వదిలేయడం, శేరు నీళ్లు పావుశేరు అయ్యేదాకా కాచడం ఆమెకు తల్లి చేతినుంచి వచ్చిన విద్య. ఆ మధ్యాహ్నం కొడుకుకు తాగించి, శ్రీరాంపూర్‌లో ఎవరికో కాన్పు కష్టంగా ఉందంటే వెళ్లిపోయింది. పోశం వెలుతురుండగానే రాత్రి షిఫ్టుకు పోయాడు. తెల్లారి ఇస్తారి లేవలేదు.

"నీ పసరే తిన్నది నా తమ్మున్ని!" అని పోశం తల్లి మీదికి పోయాడు. ఆ రోజు నుంచి ఆమె చేతి ముద్ద తినలేదు. ఆమె ఎదురుగా కూర్చుంటే కంచం పట్టుకుని బయటికి పోయేవాడు. కాలనీ కూడా ఊరుకోలేదు. కషాయం కోసం వాకిట్లో కూర్చున్నవాళ్లే, ఆమె ఎదురైతే పిల్లలను కొంగు చాటుకు లాక్కునేవారు. కన్నకొడుకునే మింగిందన్నారు. మంత్రాలొచ్చన్నారు.

అయితే ఇస్తారి చనిపోయే ముందు సాయంత్రం జరిగినది ఒకటి సరోజనకు తప్ప భూమ్మీద ఎవరికీ తెలియదు.

పొద్దుగూకే వేళకు ఇస్తారికి చలి మళ్లీ ముంచుకొచ్చింది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, "వదినే, ఇంకింత పొయ్యే, నేనోర్వలేకపోతున్న," అన్నాడు. పొయ్యిలో నిప్పులు ఆరలేదు. కుండ అట్లాగే ఉంది. అడుగున మిగిలిన కషాయం మధ్యాహ్నం నుంచి మరిగి మరిగి నల్లగా, తేనె పాకంలా చిక్కబడింది. ఒక గిలాస సగం తగ్గిస్తే ఇంకో గిలాస పూర్తిగా తగ్గిస్తుందనుకుంది సరోజన. పోసింది. అతను కళ్లు మూసుకుని గటగటా తాగేశాడు. ఆమె కుండ కడిగి బోర్లించింది.

చెబుదామనే అనుకుంది. మూడొద్దుల కర్మ కానీ అనుకుంది. పదకొండొద్దులు కానీ అనుకుంది. ఆ తరువాత అనుకోవడం కూడా మానేసింది. మానేసినంత మాత్రాన వదలలేదు. వాన తడికి ఏ చెక్క నానినా ఆ వగరు వాసనే. పొయ్యి మీద ఎసరు కాగుతుంటే, ఆ గుడగుడలో ఎవరో పళ్లు కొరుక్కుంటూ "వదినే" అంటున్నట్టే. తిరిగి చూస్తే గోడ. అత్త వచ్చి "ఏందే, గట్ల ఉలిక్కిపడ్డవ్?" అనేది. "ఏంలే అత్తా," అనేది సరోజన. రెండేళ్లుగా ఆమె ఆ ముసలామెతో ఎక్కువసార్లు అన్న మాట అదే.

*

"ఏం ఎల్లక్కా, గడపకు అడ్డం గూసున్నవ్? జర జరుగు, నానిపోతున్న!"

చిరిగిన గొడుగు కింద గులాం నబీ వచ్చాడు. నస్పూర్ బజారులో మూలికలూ దినుసులూ అమ్మే దుకాణం అతనిది. ఎల్లక్క పట్ట తెచ్చే రోజుల్లో కొన్నవాడూ అతనే, కాలనీ అంతా ఆమెను వెలివేసినట్టు చూసినా పండగకు సేమియాలు పంపడం మాననివాడూ అతనే.

లోపలికి వచ్చి మంచం వైపు చూడగానే అతని ముఖంలో నవ్వు పోయింది. పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చటుక్కున తీశాడు.

"యా అల్లా! ఎన్నొద్దులాయె?"

"ఆరో దినం భాయ్," అంది సరోజన.

"మరి మందు?"

నబీ ఒకరి ముఖం తరువాత ఒకరి ముఖం చూశాడు. టోపీ తీసి, దానికింద తడవకుండా దాచుకున్న కాగితం బయటికి తీశాడు.

"వాగు పొంగకముందే టపాల వచ్చింది. దుకాణం కప్పు కారుతుంటె గా పరేషాన్‌ల ఇయ్యాల్టిదాక తేలే. ఎల్లక్కా, ఇది నీకు. హైదరాబాద్ నుంచి లింగమూర్తి సారు రాసిండు."

లింగమూర్తి ఉగాది వెనక వచ్చి వెళ్లిన మనిషి. కళ్లజోడు, చేతిలో డబ్బాలు, సీసాలు. అడవి మందులను పరీక్షగదిలో పరీక్ష చేస్తానన్నాడు. ఎల్లక్క పట్ట ముట్టనంటే, నబీ దుకాణంలో మిగిలిన ఆమె పాత పట్టే సంచెడు పట్టుకుపోయాడు. పోతూ పోతూ వంటింట్లో నూనె కుండలో ఆమె వేసి ఉంచిన పట్టముక్కను చూసి, ఇదెందుకని అడిగాడు. నూనె కంపు పట్టదని ఆమె చెబితే అదీ పుస్తకంలో రాసుకున్నాడు.

"గిప్పుడా ఉత్తరం?" అన్నాడు పోశం. "పిల్ల ఇట్లుంటె?"

"పిల్ల ఇట్లున్నదనే సదువుతున్న. జర ఆగు."

నబీ కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి, వేలు ఆనించి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదివాడు.

"ఎల్లక్క గారికి నమస్కారములు. మీ బెరడును నూరి, మరిగించి, సారము తీసి చూచితిమి. చలిజ్వరము తెప్పించిన కోడిపిల్లలకు ఆ సారము కొద్దిగా ఇచ్చినప్పుడు చాలావాటికి జ్వరపు క్రిములు తగ్గినవి. మీరు నూనె విషయమున చెప్పినదియు నిజమే. వేరుసెనగ నూనెలో ఆ సారము కలిపి ఎండలో ఉంచగా నెల గడిచినను కంపు పట్టలేదు. గాలి సోకి వస్తువు చెడిపోవుటను ఆపు గుణమేదో అందున్నది..."

"సూసినవా ఎల్లక్కా?" అన్నాడు నబీ. "నువ్వు జెప్పిందే జెప్తున్నరు."

ఎల్లక్క తల కొంచెం పక్కకు తిరిగింది. "ఇంకేం రాసిండు?"

నబీ గొంతు సవరించుకున్నాడు.

"అయితే మోతాదు మించిన వెంటనే కోడిపిల్లలు తూలి, తలలు వాల్చి, మత్తుగా నిద్రపోయినవి. వానిలో కొన్ని లేవలేదు. మీ చిన్నకుమారుని విషయము నబీ సాహెబు గారు నాకు చెప్పియున్నారు. అడుగుటకు మనస్సు రాకున్నను అడుగవలసియున్నది. ఆ దినము ఎన్ని గ్లాసులు ఇచ్చితిరి? ఒక్కటే అయినచో, అది వయసులో ఉన్న మనిషి ప్రాణము తీయగలదని నాకు తోచుట లేదు. జ్వరమే తలకెక్కి చంపియుండవచ్చును. నిశ్చయముగా చెప్పుటకు నా వద్ద ఆధారము లేదు..."

సరోజన మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది.

"ఒక్క గిలాస," అంది ఎల్లక్క.

ఈసారి ఆమె పూర్తిగా ఇటు తిరిగింది. పట్ట గీకి గీకి ఎర్రబారిన వేళ్లు రెండేళ్లయినా తెల్లబడలేదు. ఆ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, నబీతో చెబుతున్నట్టుగా చెప్పింది.

"ఒక్కటే పోసిన. నేను గూడ తాగిన."

"ఏందీ?" అన్నాడు నబీ.

"పదకొండొద్దుల నాడు. గదే పట్ట, గదే కుండ, గదే గిలాస. కొడుకు పోయిన తొవ్వల నేను గూడ పోతనేమోనని తాగిన. తల తిరిగింది. చెవులల్ల హోరుమన్నది. పండుకున్న. పొద్దుగాల లేచిన. లేచినందుకు ఏడ్చిన."

నబీ కాగితం కిందికి దించాడు.

"రెండేండ్ల సంది గదే సోంచాయిస్తున్న భాయ్. ముసల్దాన్ని, నేను లేచిన. ఉక్కుసోంటి పోరడు, వాడెందుకు లేవలే? పట్టల తేడా లేదు. నీళ్లల తేడా లేదు. మరేంది? అడవిల చెట్టును గూడ పోయి అడిగిన. చెట్టేం జెప్తది?"

"అబద్ధం చెప్తున్నది," అన్నాడు పోశం. గొంతులో మునుపటి పట్టు లేదు. "సరోజనా, చెప్పు ఆమెకు. తప్పు మీద పడకుంట గిన్ని కతలు..."

"అబద్ధం కాదు," అంది సరోజన.

"నీకేమెరుక?"

"నాకే ఎరుక." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఇంకో గిలాస నేను పోసిన."

వాన చప్పుడు ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చినట్టయింది. నబీ ఉత్తరాన్ని మడతలు పెట్టడం మొదలుపెట్టాడు. రెండు మడతలు చాలినదానికి నాలుగు పెట్టాడు.

"ఏమన్నవ్?" అన్నాడు పోశం.

"అత్త శ్రీరాంపూర్ పోయినంక, పొద్దుగూకే యాళ్లకు. సలికి ఓర్వలేక అడిగిండు. కుండల ఉన్నది పోసిన. అది మరిగి చిక్కగైంది. నాకు తెల్వది. మంచిగయితడనుకున్న."

"రెండేండ్లు..." పోశానికి మాట పూర్తికాలేదు. ఒక్క అంగలో వచ్చి చెయ్యెత్తాడు. నబీ మధ్యలో దూరాడు. ఎత్తిన చెయ్యి గోడకు తగిలి, నీలిరంగు తేదీ మీద సున్నం రాలింది.

"రెండేండ్లు మా అవ్వ చేతి బువ్వ తినలే నేను! కంచం పట్టుకొని కుక్క లెక్క బయట గూసుని తిన్న. నువ్వు సూస్కుంట ఉన్నవ్!"

"సూసిన."

"వాడకట్టంత మంత్రగత్తె అన్నరు. నేను గూడ అన్న. నువ్వు విన్నవ్!"

"విన్న."

ఆమె ఏడుస్తుందని అతను ఎదురుచూశాడేమో. ఆమె ఏడవలేదు. అతను గోడకు తగిలిన చేతిని మరో చేత్తో పట్టుకుని తల్లి వైపు తిరిగాడు. నబీ తల దించుకున్నాడు.

"అవ్వా," అన్నాడు పోశం.

రెండేళ్ల తరువాత అతని నోట ఆ పిలుపు. ఎల్లక్క లేచి నిలబడింది. కొడుకు వైపు ఒక అడుగు వేసి, అతన్ని దాటి మంచం దగ్గరికి పోయింది. పిల్ల మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. అతని పిలుపు ఆ గదిలో ఎవరూ ఎత్తుకోని వస్తువులా ఉండిపోయింది.

"నబీ భాయ్, నీ దుకాణంల నా పట్ట ఇంక ఉన్నదా?"

నబీ జేబులోంచి పొట్లం తీశాడు. "జ్వరమని కాంపౌండర్ జెప్పిండు. తెచ్చుకునే వచ్చిన."

"సారు పిల్లలకు ఎంతని రాసిండు?"

నబీ ఉత్తరాన్ని మళ్లీ విప్పి, వెనకా ముందూ చూశాడు.

"పిల్లల ముచ్చట రాయలే ఎల్లక్కా."

ఎల్లక్క కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి. తల్లితో మాట్లాడుతున్నట్టు, పాత అడవిలో ఏదో చెట్టు కింద నిలబడి వింటున్నట్టు ఉంది ఆమె ముఖం.

"ఆరేండ్ల పిల్లకు గిలాసల నాలుగో వంతు," అంది చివరికి. "సరోజనా, పొయ్యి ముట్టియ్యి."

వద్దనడానికి పోశం దగ్గర ఇప్పుడేమీ మిగల్లేదు. అరుగు మీదికి పోయి, జల్లు కొట్టేచోట గోడకానుకుని కూర్చున్నాడు.

*

పట్ట మరగడానికి గంట పైనే పట్టింది. ఆ వగరు వాసన ముందు వంటిల్లు నింపింది, తరువాత గది. సరోజన పొయ్యి ముందు కూర్చుని ఊదుతోంది. గుడగుడ మొదలైంది. ఆమెకు వెనక్కి తిరగాలనిపించింది. వెనక అత్త నిలబడి ఉంది కాబట్టి తిరగలేదు.

ఎల్లక్క పుల్లతో కుండలో మట్టం కొలిచింది. దించింది. పలుచటి గుడ్డలో వడకట్టి, ఇత్తడి గిలాసలో నాలుగో వంతు పోసింది. మిగిలిన కషాయాన్ని కుండతో సహా తీసుకుపోయి మోరీ కాలువలో ఒంపి, వాన నీళ్లు పట్టి రెండుసార్లు కడిగింది.

"మిగిలింది ఉంచద్దు," అంది తిరిగివచ్చి. "ఆనాడు నేను జేసిన తప్పు గదే. మిగిల్చి పోయిన. ఎవరికీ చెప్పకుంట పోయిన."

సరోజన తల ఎత్తింది. "అత్తా, నన్ను..."

"ఇగో." ఎల్లక్క గిలాస ఆమె చేతిలో పెట్టింది. "నువ్వే తాపు."

"నాతోని కాదు. నా చెయ్యి వణుకుతున్నది."

"వణకనీ. తాపు."

నబీ పిల్లను లేపి పట్టుకున్నాడు. సరోజన గిలాస అంచు పిల్ల పెదాలకు ఆనించింది. కనకవ్వ చేదుకు ముఖం చిట్లించి, తల తిప్పుకుని, మళ్లీ తల్లి కళ్లలోకి చూసి తాగింది. చివరి గుక్క దిగేదాకా సరోజన ఊపిరి తీసుకోలేదు.

నమాజు వేళ అవుతోందని నబీ వెళ్లిపోయాడు. అరుగు మీద పోశం దగ్గర ఆగి ఏదో అన్నాడు.

పిల్ల నిద్రపోయింది.

ఆ నిద్రను చూస్తూ మంచానికి ఇటూ అటూ ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. సరోజన నిమిషానికోసారి పిల్ల ముక్కు దగ్గర వేలు పెడుతోంది. ఊపిరి వేలికి వెచ్చగా తగలగానే తీసేస్తోంది. మళ్లీ నమ్మకం చాలక పెడుతోంది. పిల్ల తల ఒక పక్కకు వాలింది. ఉత్తరంలోని కోడిపిల్లలు గుర్తొచ్చాయి. ఆమె అత్త ముఖం చూసింది. అత్త ముఖంలో ఏమీ కనిపించలేదు.

వాన వెలిసింది. చూరు నీళ్లు ఒక్కో చుక్కే పడుతున్నాయి. రెండో షిఫ్టు కూత అయింది. పోశం డ్యూటీకి పోలేదు. అరుగు మీది నుంచి కదలనే లేదు.

పొద్దు గుట్టల వెనక్కి దిగుతుండగా ఎల్లక్క వంగి, పిల్ల పై పెదవి మీద వేలితో తుడిచింది. వేలు తడిసింది. నుదురు చూసింది. మెడ చూసింది. గొంగళ్లు ఒక్కొక్కటే తీసింది. పిల్ల ఒళ్లంతా చెమట.

కనకవ్వ కళ్లు విప్పింది.

"బాపమ్మా, నోరంత చేదున్నది."

"ఉంటది బిడ్డా. నీళ్లు తాగు."

పిల్ల నీళ్లు తాగి, ఈసారి మామూలుగా, మోచెయ్యి తల కింద పెట్టుకుని అటు తిరిగి పడుకుంది. సరోజనకు అప్పుడొచ్చింది ఏడుపు. నోట్లో కొంగు కుక్కుకుని వంగిపోయింది. అత్త ఇప్పుడు తిడుతుందేమో. కొడుతుందేమో. పుట్టింటికి పొమ్మంటుందేమో. ఏదైనా సరే అనుకుంది. ఎల్లక్క ఆమె ఏడుపు అయ్యేదాకా ఆగింది.

"సరోజనా."

"ఆఁ అత్తా."

"వాడు ఆఖరుకు ఏమన్నడు?"

సరోజన అర్థంకానట్టు చూసింది.

"నేను గిలాస తాపి పోయిన. గప్పుడు 'పోయిరా అవ్వా' అన్నడు. గదే వాని ఆఖరు మాటనుకుంట రెండేండ్లు బతికిన." ఎల్లక్క గొంతు చాలా మెల్లగా ఉంది. "నువ్వు రెండోది పోసినంక గూడ వాడు మాట్లాడి ఉంటడు గద. గా మాట నీ కాడున్నది. నాకియ్యి."

అరుగు మీద పోశం కదిలిన చప్పుడు వినిపించింది.

సరోజన ఆ మాటను ఎన్నడూ పైకి అనలేదు. అనుకోవడానికి కూడా భయపడింది. ఇప్పుడు అది నాలుక మీదికి, నిన్ననే విన్నట్టు వచ్చింది.

"గిలాస నా చేతికిచ్చి మూతి తుడుసుకున్నడు. 'పొద్దుగాల మొదటి షిఫ్టుకు లేపు వదినే, మరువకు, నాగా పడితె మేస్త్రీ ఒర్లుతడు' అన్నడు. గంతే. అటు దిరిగి పండుకున్నడు."

ఎల్లక్క ఆ మాటలను ఒక్కొక్కటిగా లోపలికి తీసుకుంటున్నట్టు కూర్చుంది. 'మరువకు' అని తనలో తాను ఒకసారి అనుకుంది.

"లేపినవా?"

"లేపిన అత్తా."

"ఎన్నిసార్లు పిలిచినవ్?"

సరోజన గోడ వైపు చూసింది. ఆ తెల్లవారుజామున అక్కడ పరిచి ఉన్న చాప, చాప మీద కదలని పాదాలు, కూత ఆగిపోయిన తరువాత ఇంట్లో పరుచుకున్న నిశ్శబ్దం.

"ఒక్కసారే. పలకలే. రెండోసారి పిలువ నాకు ధైర్యం రాలే."

చీకటి పడుతున్నా ఎవరూ దీపం వెలిగించలేదు.

అప్పుడు ఎల్లక్క మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది. గోడ దగ్గరికి పోయి, కింద ఎవరో పడుకుని ఉన్నట్టు కొంచెం వంగింది. నిద్ర చెడినా మనసు చెడకూడదన్నంత నెమ్మదిగా, రోజూ పిలిచే పిలుపులా పిలిచింది.

"ఇస్తారీ... లెవ్వు కొడుకా. షిఫ్టుకు యాళ్లయితున్నది."

అరుగు మీద పోశం దిగ్గున లేచి నిలబడ్డాడు. లోపలికి రావాలో, తమ్ముడికి బదులు తాను పలకాలో తెలియక గడపకు అవతలే ఆగిపోయాడు.

లోపల ఎల్లక్క రెండోసారి పిలిచింది.